ఎనిమిది వేళ్ళ ఆట

ఫరహత్ టీచర్‌కు సంతోషం వచ్చినా, కోపం వచ్చినా నోట్లో తెలుగు నిలవదు. మామూలుగా ఆమె తెలుగు వింటే రేడియోలో వార్తలు చదివేవాళ్ళు కూడా ఒకసారి గొంతు సవరించుకోవాలి. వచ్చారు, వెళ్ళారు, కూర్చోండి, నిలబడండి, అంతా అచ్చులో పోసినట్టుంటుంది. కానీ లోపల ఏదైనా పొంగిందంటే చాలు, పొయ్యి మీది పాలు మూత తోసుకొచ్చినట్టు ఇంటి భాష దక్కనీ బయటికి తన్నుకొచ్చేస్తుంది. వచ్చిందని తెలియగానే చప్పున నాలుక కరుచుకుంటుంది.

ఆ కరుచుకోవడం నర్మెట్టలో మొదలైంది. తండ్రి గఫార్ అక్కడ బట్టలు కుట్టేవాడు. ఇంట్లో దక్కనీ, బళ్ళో తెలుగు. రెండో తరగతిలో ఒకరోజు ఆలస్యంగా వెళ్తే సారు ఎందుకని అడిగాడు. "మా అమ్మకు జరమొచ్చింది సార్, పొద్దుగాల లేవలేడు" అంది ఫరహత్. తరగతి తరగతంతా గొల్లుమంది. దక్కనీ ఇళ్ళవాళ్ళ తెలుగులో ఆడామగా తారుమారవడం నర్మెట్టకు కొత్త కాదు, అయినా నవ్వేవాళ్ళకు ప్రతిసారీ కొత్తే. "అమ్మ లేవలేడంట" అని ఆ పిల్లను ఎన్నాళ్ళు ఏడిపించారో లెక్కలేదు. అప్పుడే పంతం పట్టింది. తెలుగు నేర్చుకుంటే వీళ్ళందరి కంటే బాగా నేర్చుకోవాలి, ఇంటి భాష గడప దాటకూడదు. రెండూ నెగ్గించుకుంది. టీచరై భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లిలో ఉద్యోగంలో చేరేనాటికి, పేరు చెబితే తప్ప ఆమె ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో ఎవరూ పోల్చుకోలేకపోయేవారు.

మొగుళ్లపల్లిలో ఆమెకు మంచి పేరే వచ్చింది. ఏ పాఠానికైనా రంగుల చార్టు, ముత్యాల్లాంటి అక్షరాలు, ముందే రాసి పెట్టుకున్న ప్రశ్నలు. ఆ తర్వాత మహబూబాబాద్ పక్కన మాన్‌సింగ్ తండా బడికి బదిలీ అయింది. అమ్మ మెహరున్నీసా, నాన్న గఫార్, నాన్నతోపాటు ఆయన కుట్టుమిషనూ మహబూబాబాద్‌లో అద్దె ఇంటికి దిగారు. చార్టులన్నీ చుట్ట చుట్టుకుని ఫరహత్ ఉత్సాహంగా తండాకు బయల్దేరింది.

తీరా మొదటిరోజు ఆ చక్కటి తెలుగు విని పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. పక్కింటి పెళ్ళి బ్యాండు విన్నట్టు విన్నారు. బాగుంది, కానీ తమకు కాదు. అంతవరకు బయట లంబాడీలో చెవులు చిల్లులు పడేట్టు అరిచిన పిల్లలు లోపలికి రాగానే గప్‌చుప్. రెండు గదుల బడి అది. పక్క గదిలో పెద్ద తరగతులు చెప్పే వసంత మేడమే హెడ్‌మాస్టర్. "మెల్లగ వస్తది ఫరహత్, నేనొచ్చిన కొత్తల కూడా గిట్లనే ఉండె" అని ధైర్యం చెప్పేది. మెల్లగా కొందరికి వచ్చింది కూడా. గోపాల్‌కు రాలేదు. వాడికి చూపు తక్కువ, పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే తప్ప అక్షరం కనిపించదు, ఫరహత్ ముత్యాల అక్షరాలు వాడికి గోడమీది మరకలే. హరిలాల్‌కు కూర్చుంటే ఏదీ ఎక్కదు. వాడి కాళ్ళు వాడి మాట వినవు.

ఇక గంగి. రెండో తరగతి. రెండు జడలు, గట్టిగా మూసిన పెదవులు. బళ్ళో చేరినప్పటి నుంచి ఒక్కమాట మాట్లాడలేదు. అడిగితే తల దించుకుంటుంది, మళ్ళీ అడిగితే ఇంకా దించుకుంటుంది.

చలి మొదలవుతుండగా గంగి వాళ్ళ నాన్న మంగీలాల్ బడికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"మేడం, పిల్లను తోల్కపోతం" అన్నాడు.

"ఎక్కడికి అన్నా?"

"మిరప ఏరను. నేను, మా బుచ్చి పోతున్నం. చిన్నోన్ని చూసుకునేటందుకు ఓ మనిషి గావాలె గద."

"మరి చదువు?"

"ఏం చదువు మేడం? ఏండ్లకేండ్లు రావట్టె. ఒక్క మాట చెప్పదు. గోడకు చెప్పినా ఒకటే, దానికి చెప్పినా ఒకటే."

గంగి అక్కడే ఉంది. తెలుగు మాటలు ఎంత అర్థమయ్యాయో కానీ తండ్రి తనవైపు చూపి చెయ్యి విదిల్చిన తీరు మాత్రం అర్థమైంది. గోడ దగ్గరికి జరిగి నిలబడింది. ఫరహత్ వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడింది.

"వాళ్ళ నాయనమ్మ ఇక్కడే ఉంటుంది కదా, ఆమె దగ్గర ఉంచండి" అంది.

"ముసల్ది ఉంచుమనే అంటది. చదువొస్తదంటే నేను గూడ ఉంచుత, నాకేం కడుపుమంటనా? రానిదాన్ని ఉంచి ఏం జెయ్యాలె?" మంగీలాల్ కూతురి వైపు ఒకసారి చూశాడు. "సరే మేడం. మీరు పెట్టే తల్లిదండ్రుల మీటింగుల నలుగుర్ల నిలవడి ఒక్కటంటే ఒక్కటి చెప్పమనుండ్రి. చెప్తే ఉంచిపోత. లేకుంటే తోల్కపోత, మళ్ల తోలియ్య."

మాట తప్పే మనిషి కాదని తండాలో అందరూ చెప్పారు. అది ఊరట కాదు, ఇంకా భయం.

ఫరహత్ ఊరుకుంటుందా? ఆ రోజు నుంచి గంగి చుట్టూనే తిరిగింది. బొమ్మలు చూపింది, పాట పాడింది, చాక్లెట్ ఆశ పెట్టింది. గంగి చాక్లెట్ తీసుకుంది, మాట మాత్రం ఇవ్వలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది.

"గంగీ, నీకు ఏది ఇష్టమో నువ్వే చెప్పమ్మా. ఆట?"

గంగి తలెత్తింది. మొదటిసారి! రెండు చేతులూ పైకెత్తి చూపింది. ఒక చేతికి ఐదు వేళ్ళు, ఇంకో చేతికి మూడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. హరిలాల్ అయితే నేల మీద దొర్లాడు. గంగి చేతులు వెంటనే వెనక్కి పోయాయి, తల మళ్ళీ దిగిపోయింది. గోలకు వసంత మేడం వచ్చి సంగతి విని నిట్టూర్చింది. "పాపం, ఆట అంటే గూడ తెల్వదు. మంగీలాల్ అన్నదాంట్ల తప్పులేదేమో ఫరహత్" అంది.

సాయంత్రం రోడ్డు మీద ఆటో కోసం నిలబడితే ఫరహత్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఆ ఎత్తిన వేళ్ళే కళ్ళ ముందున్నాయి. అకీల్ ఆటో వచ్చింది. అకీల్ ఆటో ఎప్పుడూ సంచిలో బెండకాయలు కుక్కినట్టే ఉంటుంది. ఆమెను ఎక్కించుకుని, మామూలుగా అరిచినట్టే వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టాడు.

"పాంచ్, ఛే, సాత్, ఆఠ్. చలో!"

"ఆఠ్!" అని ఫరహత్ ఎంత గట్టిగా అరిచిందంటే, పక్కనున్న ముసలమ్మ చేతిలో కోడి కూడా అరిచింది.

"ఆఠ్‌నే ఆపా, ఒట్టు! ఇంకొకల్లను ఎక్కిస్తే అడుగుండ్రి" అకీల్ హడలిపోయాడు.

"నీ సంగతి కాదురా తమ్ముడూ! ఆఠ్! ఆట కాదు, ఆఠ్!" ఫరహత్ సంతోషం ఆపుకోలేక ముందు సీటు మీద దబదబా బాదింది. "ఆటో తిప్పు, బడికి పోదాం!"

బడికి తాళం వేసి చాలాసేపైందని, ఆటోలో ఉన్నవాళ్ళందరికీ ఇళ్ళు వాకిళ్ళు ఉన్నాయని అకీల్ బతిమాలుకున్నాడు. దారిపొడుగునా ఆమె ఒక్కతే నవ్వుకుంది. ఆ పిల్లకు ఏమీ తెలియకపోవడం కాదు. తెలిసిందే చెప్పింది. ఆట అన్నారు, ఎనిమిది చూపింది. లంబాడీలో కూడా ఎనిమిదిని ఆట్ అనే అంటారు కాబోలు! దక్కనీలో ఆఠ్, లంబాడీలో ఆట్. గంగి సరైన జవాబే చెబితే, తప్పని నవ్వారు. అచ్చం నర్మెట్టలో తనను చూసి నవ్వినట్టు.

ఇంట్లోకి అడుగుపెడుతూనే "ఆఠ్ అమ్మీ, ఆఠ్!" అని తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పింది.

మెహరున్నీసా గోడ గడియారం వైపు చూసింది. "ఆఠ్ కహాఁ? అబీ ఛే బజే" అని, ఇంకా ఆరే అయిందని ముల్లు చూపించి, బిడ్డకు ఎండదెబ్బ తగిలిందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టింది. చలికాలంలో ఎండదెబ్బ ఏమిటని గఫార్ మిషను దగ్గర్నుంచి నవ్వాడు.

మర్నాడు ఫరహత్ బడికి అందరికంటే ముందు చేరింది. గంగి రాగానే పక్కకు తీసుకెళ్ళి వరండాలో కూర్చోబెట్టింది. చుట్టూ ఒకసారి చూసుకుంది. గడప దాటనివ్వనని పంతం పట్టిన భాష. మెల్లగా అంది, "పాంచ్."

గంగి కళ్ళు పెద్దవయ్యాయి. ఐదు వేళ్ళు లేచాయి.

"సాత్."

ఏడు వేళ్ళు.

"తీన్."

మూడు. ఇప్పుడు గంగి పెదవుల చివర్లు కదులుతున్నాయి.

"దో."

గంగి వేళ్ళు ఎత్తలేదు. కనుబొమ్మలు ముడివేసి టీచర్ వైపు జాలిగా చూసింది. తర్వాత రెండు వేళ్ళు ఆమె ముఖం మీదికి తెచ్చి, పెద్దవాళ్ళు చిన్నపిల్లలకు చెప్పినట్టు, సాగదీసి చెప్పింది.

"దీ."

గంగి బళ్ళో పలికిన మొదటిమాట అది. టీచర్ తప్పును దిద్దడానికి పలికింది! ఫరహత్ ఆ పిల్లను ఎత్తుకుని వసంత మేడం గదిలోకి పరుగెత్తింది. "మాట్లాడింది మేడం! నన్నే దిద్దింది!" అని ఏ భాషలో చెప్పిందో ఆమెకే తెలియదు, వసంత మేడం మాత్రం సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

విషయమంతా విన్నాక వసంత మేడం సంతోషపడింది కానీ, ఆమె భయం ఆమెకుంది. "మంచిదే ఫరహత్. కాని పరీక్ష తెలుగులనే ఉంటది గద. బళ్లె లంబాడీ, ఉర్దూ అలవాటు చేస్తే తెలుగెప్పుడొస్తది పిల్లలకు?"

"ఎక్కడికి పోవాలన్నా ఫస్ట్ అడుగు ఇంట్లకెల్లే గద మేడం పడేది" అంది ఫరహత్. అన్నాక తెలిసింది, వచ్చారు వెళ్ళారు అన్నీ ఎటో పోయి తను నర్మెట్ట మాట మాట్లాడిందని. నాలుక కరుచుకోబోయి ఊరుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతంతా తండ్రికి చెప్పింది. గోపాల్ చూపు, హరిలాల్ కాళ్ళు, గంగి భాష. ముగ్గురికి మూడు పాఠాలు ఎట్లా తయారుచేయాలో తెలియడం లేదని తల పట్టుకుంది.

గఫార్ రొట్టె తుంచుతూ దక్కనీలో అన్నదాన్ని తెలుగులో చెబితే ఇది: "మూడు అంగీలు ఎందుకు బిడ్డా? పెరిగే పిల్లలకు కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదిలి మడత పెడ్త గద. లావైతే ఈ మడత విప్పుకుంటరు, పొడుగైతే ఆ మడత. అంగీ ఒకటే. నువ్వు పాఠాన్ని బిర్రుగ కుడ్తున్నవ్."

ఫరహత్ తినడం ఆపేసింది. నిజమే, ఆమె పాఠాలకు మడతలు లేవు. అన్నీ తన కొలతకే కుట్టినవి. చదవగలవాళ్ళు చదవాలి, కూర్చోగలవాళ్ళు కూర్చోవాలి, తెలుగు వచ్చినవాళ్ళు చెప్పాలి. మిగిలినవాళ్ళు ఊపిరి బిగపట్టుకుని ఆ అంగీలో దూరాలి. చెయ్యి కడుక్కోకుండానే లేచి తండ్రి మిషను మీది పాత గుడ్డలు తిరగేయడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ కాటన్ గుడ్డ ఒకటి పొడవాటిది దొరికింది. తండ్రీకూతుళ్ళిద్దరూ మిషనుకు అటూ ఇటూ కూర్చున్నారు. అన్నం గిన్నెలు కడగడానికి ఒక్కరూ రావట్లేదని మెహరున్నీసా కేకలేసింది, తర్వాత ఆమే గుండీల డబ్బా వెతికి తెచ్చింది.

తయారైంది ఒక పట్టీ. పొడుగ్గా పది గళ్ళు. ప్రతి గడిలో అంకె నల్ల ఊలుతో లావుగా, వేలు పెడితే తగిలేట్టు. దాని కింద అన్ని గుండీలు. గుండీల కింద ఒక చిన్న జేబు, జేబులో ఆ అంకె తెలుగు పేరు రాసిన అట్టముక్క. జేబు వెనక ఇంకో జేబు ఖాళీగా ఉంది. "గది ఎందుకు?" అని గఫార్ అడిగితే, "మడత, బాబా. పిల్లల ఇంటి మాట పెట్టుకోవడానికి" అని ఫరహత్ కళ్ళెగరేసింది.

ఇక బడి బడిలా లేదు. గోపాల్ కళ్ళు మూసుకుని గుండీలు తడిమి, ఊలు అంకె మీద వేలు తిప్పి, "ఏడు! టీచర్, ఏడు!" అని ఎగిరాడు. ముక్కుకు పుస్తకం ఆనించకుండా వాడు చదివిన మొదటి అంకె అది. హరిలాల్ కోసం నేల మీద పెద్ద పెద్ద గళ్ళు ముగ్గుపిండితో గీశారు. ఐదుకు మూడు కలిపితే ఎంతో వాడు గెంతి చెప్పాలి. వాడు గెంతి గెంతి సరైన గడిలో నిలబడి, ఇన్నాళ్ళూ తనను కుదురుగా కూర్చోమన్న బడి ఇదేనా అన్నట్టు చూశాడు. చెప్పగలిగినవాళ్ళు చెప్పారు, గీయగలిగినవాళ్ళు గీశారు. ముందు ఇంటి మాట, తర్వాత బడి మాట. లంబాడీ మాటకు ఫరహత్ దక్కనీ మాట జోడించేది, రెండూ దగ్గరగా ఉంటే పిల్లలకు ఆశ్చర్యం. "పాణి అంటే మీకు గూడ నీళ్ళేనా టీచర్!" అని కేకలు. తేడా వస్తే ఇంకా సంబరం, టీచర్‌ను దిద్దొచ్చు. వసంత మేడం తన గది వదిలి గుమ్మంలో నిలబడి చూడటం మొదలైంది. ఒకరోజు ఎవరూ చూడట్లేదనుకుని ఆమె కూడా ముగ్గు గళ్ళలో రెండు గెంతులు వేసింది.

గంగి మాత్రం గట్టిగా మాట్లాడేది కాదు. ఫరహత్ చెవిలో చెప్పేది. దీ, రెండు. చార్, నాలుగు. ఊపిరిలాగే వినిపించేది. ఇంతలో ఒక రోజు పట్టీ మాయమైంది. ఫరహత్ బడంతా వెతికింది. మర్నాడు గంగి దాన్ని చంకలో పెట్టుకుని వచ్చింది. ఫరహత్ విప్పి చూసింది. ప్రతి గడి చుట్టూ ఎర్రదారం కుట్టు, మూలల్లో చిన్న చిన్న అద్దాలు, అంచుకు గవ్వలు. వాళ్ళ నాయనమ్మ కుట్టింది. "ఇన్ని గుండీలు పెట్టి ఒక్క అద్దం పెట్టలేదు, మీ టీచరుకు కుట్టు రాదా" అందట ముసలమ్మ. గఫార్‌కు ఆ మాట చెబితే, అద్దం కుట్టు ఎట్లా వేసిందో చూడాలని ఆ పట్టీని దీపం కింద పెట్టుకుని కూర్చున్నాడు.

మీటింగు రోజు రానే వచ్చింది. బడి ముందు పరదాలు పరిచారు. తండా ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంకల్లో పిల్లలు. పట్టీని గోడకు వేలాడదీస్తే ఎండ అద్దాల మీద పడి బడంతా మెరుస్తోంది. మంగీలాల్, బుచ్చి ముందు వరసలో కూర్చున్నారు. బుచ్చి ఒళ్ళో చిన్నోడు. వాళ్ళ మూటలు అప్పటికే కట్టి ఇంటి ముందు పెట్టారని ఎవరో అన్నారు.

గోపాల్ కళ్ళు మూసుకుని అంకెలు చదివితే వాళ్ళమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. హరిలాల్ గెంతులకు నవ్వులే నవ్వులు. తర్వాత ఫరహత్ గంగిని పిలిచింది.

గంగి వచ్చింది. పట్టీ పక్కన నిలబడింది. అన్ని ముఖాలూ తనవైపే. తల దిగిపోయింది.

"గంగీ, ఇది ఎంత?" ఫరహత్ మొదటి గడి మీద వేలు పెట్టింది.

ఉలుకూ పలుకూ లేదు. గాలికి గవ్వలు చప్పుడు చేస్తున్నాయి. "చెప్పు బిడ్డ" అని వెనక నుంచి నాయనమ్మ గొంతు. అయినా లేదు. మంగీలాల్ తువ్వాల భుజాన వేసుకుని మెల్లగా లేచాడు. "పోనీ తియ్యి మేడం. మీరు చెయ్యవలసింది చేసిండ్రు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే ఫరహత్‌కు భరించలేనట్టు అనిపించింది.

"ఆగన్నా! జర ఆగు!" అంది. పిల్లకు ఊతం ఇద్దామని తనే గట్టిగా మొదలుపెట్టింది. ఆ కంగారులో బడి తెలుగు, గంగి లంబాడీ, నేర్చుకున్నవన్నీ గాలికి పోయాయి. పాలు మూత తోసుకొచ్చాయి.

"ఏక్! దో!"

తండాకు తండా నవ్వింది. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, పిల్లలు. ఫరహత్ చెవులు వేడెక్కాయి. నర్మెట్ట తరగతి గది మళ్ళీ కళ్ళ ముందు తిరిగింది.

"దీ!"

నవ్వులన్నీ ఆగిపోయాయి. గంగి తల ఎత్తి ఉంది. టీచర్‌ను చూసి నవ్వుతున్నారని కోపమో, ఎన్నిసార్లు చెప్పినా టీచర్‌కు రావట్లేదని విసుగో, ముఖం ఎర్రబడింది. పట్టీ దగ్గరికి వెళ్ళి రెండో గడి మీద చెయ్యి పరిచింది. "దీ! రెండు!" ఈసారి తండా చివరి ఇంటికి వినిపించేట్టు. ఆ ఊపులో ఇక ఆగలేదు. "తీన్, మూడు! చార్, నాలుగు! పాంచ్, ఐదు!" ఒక్కో గడికి ఒక్కో దరువు. బుచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరు దాటింది, ఏడు దాటింది. ఎనిమిదో గడి దగ్గర గంగి ఆగింది.

ఫరహత్ ఒక అడుగు వెనక్కి వేసింది.

గంగి జనం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. ఐదు వేళ్ళు, మూడు వేళ్ళు. "గిది ఆట్. ఎనిమిది." తర్వాత చెయ్యి చాచి, బయట ముగ్గు గళ్ళలో అప్పటికే గెంతుతున్న హరిలాల్‌ను చూపింది. "గది ఆట."

చప్పట్లకు గోడమీది బల్లి కూడా పారిపోయింది. వసంత మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. ఫరహత్ మాత్రం మంగీలాల్‌నే చూస్తోంది. అతను చప్పట్లు కొట్టట్లేదు. భుజం మీది తువ్వాల జారి కింద పడినా చూసుకోలేదు. తన రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని, ఐదు వేళ్ళు, మూడు వేళ్ళు తెరిచి, వాటినే చూస్తున్నాడు.

"ఏమైందన్నా?" అని ఫరహత్ దగ్గరికి వెళ్ళింది.

"నేను గూడ గిట్లనే చూపిచ్చిన మేడం" అన్నాడు. "గంగంత ఉన్నప్పుడు. సారు ఆట అన్నడు, నేను ఎనిమిది వేళ్ళు చూపిచ్చిన. ఎక్కిరిస్తున్ననని కట్టెతోని కొట్టిండు. మళ్ల బడి మొఖం చూడలే. ఎందుకు కొట్టిండో ఇయ్యాల్టిదాంక నాకు తెల్వలే మేడం. నాకు చదువు రాదు గావచ్చు అనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

ఫరహత్ కిందపడ్డ తువ్వాల తీసి దులిపింది.

బుచ్చి చిన్నోణ్ణి చంకనేసుకుని లేచింది. "మూట్లకెల్లి పిల్ల బట్టలు తీస్త" అని మాత్రం అని ఇంటివైపు నడిచింది. నాయనమ్మ ఆమె వెనకే హుషారుగా కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళింది.

గంగి వచ్చి తండ్రి ముందు నిలబడింది. ఇంకా ఎత్తే ఉన్న ఆ పెద్ద చేతులను చూసింది. ఒక్కో వేలూ పట్టుకుని మడిచింది, ఎనిమిదీ మడిచింది. తర్వాత ఆ పిడికిలి పట్టుకుని బయటికి గుంజింది.

"బాపు, ఆట" అంది.

మంగీలాల్ కళ్ళు తుడుచుకుంటూ, పంచె ఎగ్గట్టుకుని, ముగ్గు గీత దగ్గర నిలబడ్డాడు. వెనక హరిలాల్ తన వంతు ఎప్పుడని అరుస్తున్నాడు. ఎట్లా గెంతాలో గంగి లంబాడీలో ఒకసారి, తెలుగులో ఒకసారి గట్టిగా చెప్పింది. మంగీలాల్ గెంతాడు.